సంఘం చేతిలో ఫోన్: సోషల్ మీడియాలో పరిచర్య ఎలా చేయాలి, ఎక్కడ ఆగాలి

క్రైస్తవ సంఘానికి (చర్చికి) యూట్యూబ్ ఛానెల్ పెడదామనుకోగానే వచ్చే మొదటి ప్రశ్న ‘ఏ కెమెరా కొందాం?’ అని. కెమెరా సంగతి నెమ్మదిగా చూసుకోవచ్చు, ఉన్న ఫోనే చాలు. ముందు తేల్చుకోవాల్సింది ఛానెల్ ఎవరి జీమెయిల్ మీద ఉండాలన్నది. ఆన్‌లైన్ పరిచర్యలో వచ్చే చిక్కుల్లో చాలావరకు ‘ఇది ఎవరిది?’ అని ముందే అడగకపోవడం వల్ల వచ్చేవే. అకౌంటు ఎవరిది, అందులో కనిపించే ముఖం ఎవరిది, పాడిన పాట ఎవరిది, క్యూఆర్ కోడ్‌లో పడే డబ్బు ఎవరిది? ఈ నాలుగింటికీ జవాబు తెలిసిన సంఘం పాత ఫోనుతో కూడా చక్కగా నెట్టుకొస్తుంది.

తాళం చెవి ఎవరి దగ్గర?

మామూలుగా జరిగేది ఇది. యవ్వనస్తుల్లో కాస్త చురుకైన తమ్ముడొకడు తన సొంత జీమెయిల్‌తో ఛానెల్ తెరుస్తాడు. రెండేళ్లకు ఉద్యోగం వచ్చి హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతాడు, నంబరు మారుస్తాడు. పాత నంబరు రీఛార్జి లేక ఆగిపోయి కొన్నాళ్లకు వేరేవాళ్లకు వెళ్తుంది. ఇక్కడ లాగిన్ అవ్వబోతే ఓటీపీ ఎవరికో పోతుంది. తప్పు ఆ తమ్ముడిది కాదు, మొదటిరోజే అడగని పెద్దలది.

అందుకని సంఘం పేరుతో కొత్త జీమెయిల్ తెరవండి. రికవరీకి ఇచ్చే ఫోన్ నంబరు ఎవరి ఇంటిదీ కాకుండా సంఘం పేరున ఉన్నదై, నెలనెలా రీఛార్జి అయ్యేదై ఉండాలి. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ) ఆన్ చేశాక, ఫోన్ అందుబాటులో లేనప్పుడు లాగిన్ అవ్వడానికి గూగుల్ నుంచి 10 బ్యాకప్ కోడ్‌లు తీసుకోవచ్చు. వాటిని ప్రింటు తీసి, సంఘం మినిట్స్ పుస్తకం ఎక్కడుంటుందో అక్కడే కవర్లో పెట్టి అంటించండి. వీడియోలు ఎక్కించేవారికి పాస్‌వర్డ్ చెప్పకండి. యూట్యూబ్ స్టూడియో సెట్టింగ్స్‌లో ‘పర్మిషన్స్’ అనే చోట వారి మెయిల్ చేర్చి ‘ఎడిటర్’ హోదా ఇస్తే సరిపోతుంది. మనిషి మారినప్పుడు ఆ పేరు ఒక్కటి తీసేస్తే పని అయిపోతుంది. ‘మేనేజర్’ హోదా కాపరికీ (పాస్టర్‌కూ), మరో పెద్దకూ ఉంటే చాలు.

ఫేస్‌బుక్‌లో చాలామంది దైవసేవకులు సొంత ప్రొఫైల్‌నే సంఘానికి వాడతారు. ప్రొఫైల్‌కు 5,000 మంది స్నేహితుల దగ్గర హద్దు. పైగా కాపరి ఇంటి ఫొటోలూ సంఘం ప్రకటనలూ కలిసిపోతాయి. సంఘానికి విడిగా పేజీ పెట్టి దాని పూర్తి అధికారం ఇద్దరికి ఇవ్వండి. ఒక్కరికే ఇస్తే, ఆ ఒక్కరి ప్రొఫైల్ హ్యాకైన రోజున పేజీ కూడా పోతుంది.

వాట్సాప్ గ్రూపు

ఊళ్లలో అసలు పరిచర్య నడిచేది ఇక్కడే. యూట్యూబ్ చూడని పెద్దమ్మ కూడా పొద్దున్నే వాట్సాప్ వాయిస్ మెసేజీ వింటుంది. కాబట్టి జాగ్రత్త కూడా ఇక్కడే ఎక్కువ కావాలి.

ఒకే గ్రూపులో అన్నీ కుమ్మరించకండి. గ్రూపులో 1,024 మంది దాకా పడతారు గానీ, వందమంది దాటాక ‘ఆమెన్’లూ ‘వందనాలు’ మధ్య శనివారం ఉపవాస ప్రార్థన ఎన్నింటికో ఎవరికీ దొరకదు. ప్రకటనలకు ఒక గ్రూపు పెట్టి, సెట్టింగ్స్‌లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపేలా మార్చండి. ప్రార్థన మనవులకు చిన్న గ్రూపు, ప్రార్థన చేసే బాధ్యత తీసుకున్న పది పదిహేనుమందితో. సంఘం బయటి శ్రోతలకైతే గ్రూపు వద్దు, ‘ఛానెల్’ పెట్టండి. గ్రూపులో ప్రతివారి నంబరూ ప్రతివారికీ కనిపిస్తుంది. ఆడపిల్లల నంబర్లు ముక్కూమొహం తెలియనివారికి దొరికేది ఇలాంటి చోటే. ఛానెల్‌లో చేరినవారి నంబర్లు ఇతర ఫాలోవర్లకు కనిపించవు. బ్రాడ్‌కాస్ట్ లిస్టూ ఉంది గానీ అందులో 256 మందే పడతారు, అదీ మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. ‘అయ్యగారూ, మాకు పొద్దున్నే పంపే వాగ్దాన వచనం రావట్లేదు’ అని ఎవరైనా అంటే ముందు చూడాల్సింది అదే.

ప్రకటనల గ్రూపు వివరణలో ఇలా రాసి పెట్టవచ్చు: ‘ఈ గ్రూపు సంఘం ప్రకటనలకు మాత్రమే. ఉదయం 6 నుంచి రాత్రి 9 వరకే మెసేజీలు వస్తాయి. రాజకీయాలు, అమ్మకాలు, ఇతర వీడియోలు ఉండవు. డబ్బు పంపమని ఈ గ్రూపులో ఎప్పుడూ అడగం. ఎవరైనా అడిగితే అది మోసమని గుర్తించి పెద్దలకు ఫోన్ చేయండి.’ ఆ చివరి వాక్యం అనవసరంగా పెట్టింది కాదు. ఎందుకో కింద వస్తుంది.

ఇక ప్రార్థన మనవి. మంచి మనసుతో చేసే హాని ఇక్కడ జరిగినంతగా మరెక్కడా జరగదు. ఇలాంటి మెసేజీ మీరూ చూసే ఉంటారు:

‘మన సంఘంలో ఫలానా సిస్టర్ గారి పెద్దకోడలికి మూడోసారి గర్భం పోయింది. గుంటూరులో ఫలానా ఆసుపత్రి, రెండో అంతస్తు. అత్తింట్లో కూడా మాటలు పడుతోంది. అందరూ భారంతో ప్రార్థించండి.’

ఇందులో ఆ పిల్ల అనుమతి లేదు. ఆమె ఎవరో, జబ్బేమిటో, ఎక్కడ పడుకుందో, ఇంట్లో గొడవేమిటో అన్నీ ఒక్క పేరాలో బయటపడ్డాయి. గ్రూపులో ఆ అత్తగారి ఆడపడుచు ఉంటే, సాయంత్రానికల్లా ఫార్వర్డ్ అయి ఆ ఇంటికే తిరిగొస్తుంది. దాన్నే ఇలా రాయవచ్చు:

‘మన సహోదరి ఒకరు ఆసుపత్రిలో ఉన్నారు. ఆమెకు స్వస్థత, ఇంటివారికి ధైర్యం కలగాలని ఈ రాత్రి 8 గంటలకు ఎవరి ఇళ్లలో వారు ప్రార్థించండి. చూడటానికి వెళ్లాలనుకునేవారు ముందు పాస్టరమ్మగారికి ఫోన్ చేయండి.’

దేవునికి రూమ్ నంబరు అక్కర్లేదు కదా.

ఎవరి ముఖం అది?

బాప్తిస్మం ఫొటోలు పెట్టడం మన దగ్గర అలవాటుగా మారింది. నీళ్లలోంచి లేచిన మనిషి తలమీద నీరు ఇంకా కారుతుండగానే ఫేస్‌బుక్‌లో ఉంటాడు. ఆ నిర్ణయం అతని ఇంట్లో, ఊళ్లో, ఉద్యోగంలో పెద్ద మార్పులు తెచ్చే విషయం. దాన్ని ఎవరికి, ఎప్పుడు, తన నోటితో ఎలా చెప్పుకోవాలో అతని ఇష్టం. అడగకుండా పెట్టకండి. అదీ బాప్తిస్మం రోజున పదిమంది ముందు అడగకండి, అప్పుడు కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు. రెండురోజులాగి ఒంటరిగా అడగండి. ‘వద్దు’ అంటే కారణం అడగకండి.

ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గ్రామాలకు సువార్తకు వెళ్లే తెలుగు బృందాలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మత మార్పిడులపై ఒడిశాలో 1967 నుంచి చట్టం ఉంది, ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉంది. ఊరి పేరు, విశ్వాసుల ముఖాలు, ‘ఇంతమంది రక్షించబడ్డారు’ అనే లెక్క కలిపి పెట్టిన పోస్టు మీరు తిరిగొచ్చాక కూడా అక్కడే ఉంటుంది. దాని బరువు మోసేది అక్కడే బతకాల్సినవాళ్లు. ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేసి వెళ్లండి. మద్దతుదారులకు రిపోర్టు పంపాలంటే జిల్లా పేరు చాలు, వెనక నుంచి తీసిన ఫొటో చాలు.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ల జూమ్ ప్రార్థనలదీ ఇదే సంగతి. కూడిక అయ్యాక స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడతారు. అందులో ముప్పై ముఖాలు, ప్రతి ముఖం కింద పూర్తిపేరు. సౌదీలో ముస్లిమేతరుల బహిరంగ ఆరాధనకు అనుమతి లేదు. ఇళ్లలో పనిచేసే అక్కలు యజమానికి తెలియకుండా చేరుతుంటారు. ఆ స్క్రీన్‌షాట్ వల్ల మనకు ఒరిగేదేమీ లేదు.

పిల్లల విషయంలో నియమం తేలిక: సండే స్కూలు, వీబీఎస్ (సెలవుల బైబిలు పాఠశాల) ఫొటోలకు తల్లిదండ్రుల సంతకం ఏడాదికోసారి ఒక కాగితం మీద తీసుకోండి. పెట్టే ఫొటోలో పేరు, స్కూలు యూనిఫాం కనిపించకూడదు. హాస్టళ్లు, అనాథ పిల్లల గృహాలు నడిపేవారు మాత్రం ఇంకో మెట్టు ఎక్కువ పట్టించుకోవాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫొటో, స్కూలు లాంటి గుర్తింపు వివరాలు ఏ మాధ్యమంలోనూ బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ‘ఈ బిడ్డకు తల్లీ తండ్రీ లేరు, సహాయం చేయండి’ అని ముఖం చూపించే రీల్ సరిగ్గా దీని కిందికే వస్తుంది. చట్టం మాట అలా ఉంచినా, ఆ బిడ్డ పెద్దయ్యాక ఉద్యోగానికి వెళ్లిన చోట ఆ రీల్ ఎవరో ఒకరు చూస్తారు.

లైవ్: బొమ్మ కంటే మాట ముఖ్యం

బొమ్మ మసకగా ఉన్నా జనం వాక్యం వింటారు. మాట పగిలిపోతే అరనిమిషంలో వెళ్లిపోతారు. మన మందిరాల్లో పాటకు పెట్టే ఎకో, ప్యాడ్స్ దరువు, రేకుల కప్పు ప్రతిధ్వని మూడూ కలిసి, స్టాండు మీద దూరంగా పెట్టిన ఫోన్‌కు అందేది ఒట్టి హోరు.

దారి ఇది. మిక్సర్‌లో ‘ఆక్స్’ అవుట్ (హాల్ స్పీకర్లకు వెళ్లేది కాక, విడిగా శబ్దం బయటికి పంపే దారి) ఒకటి లైవ్ కోసమే కేటాయించండి. దాన్ని ‘ప్రీ ఫేడర్’లో, అంటే హాల్ సౌండు మీట కన్నా ముందే శబ్దం తీసుకునేలా పెట్టండి. అప్పుడు హాల్లో ఎవరైనా సౌండు పెంచినా తగ్గించినా లైవ్‌లో మాట మారదు. ఆ ఆక్స్‌లోకి ఎకో పంపకండి. పాస్టర్ గారి మైకు పూర్తిగా, పాడేవారి మైకులు కాస్త తక్కువగా, కీబోర్డు ఇంకా తక్కువగా, ప్యాడ్స్ వినీ వినబడనట్టు ఉంచండి. సంఘమంతా కలిసి పాడే గొంతు మిక్సర్‌లోకి రాదు కాబట్టి జనం వైపు ఒక మైకు తిప్పి, కొద్దిగా మాత్రమే కలపండి. అది లేకపోతే ఖాళీ గదిలో ఆరాధన జరుగుతున్నట్టు ఉంటుంది.

ఇక్కడ ఎక్కువమంది బోల్తాపడేది వైరు దగ్గర. మిక్సర్ నుంచి వచ్చేది లైన్ స్థాయి సిగ్నల్, ఫోన్ హెడ్‌సెట్ రంధ్రం ఆశించేది మైకు స్థాయి. రెంటికీ బలంలో ఎన్నో రెట్ల తేడా. నేరుగా గుచ్చితే మాట గరగరమంటుంది. పైగా పిన్ను మీద రెండు నల్ల గీతలే ఉంటే ఫోన్ దాన్ని ఇయర్‌ఫోన్ అనుకుని, తన సొంత మైకునే వాడుతుంది. మూడు గీతలున్న పిన్ను కావాలి, మధ్యలో సిగ్నల్ తగ్గించే అడాప్టర్ ఉండాలి. టైప్ సీ ఫోన్ అయితే చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టుకోవడం మేలు, ఈ గొడవంతా తప్పుతుంది. ఏది వాడినా ముందు 30 సెకన్లు రికార్డు చేసి ఇయర్‌ఫోన్‌లో వినండి. హాల్లో స్పీకర్లు మోగుతుండగా చెవితో అంచనా వేయలేరు.

నెట్ లెక్క కూడా ముందే చూసుకోండి. 720పీ (మామూలు హెచ్‌డీ) లైవ్‌కు సెకనుకు 4 మెగాబిట్ల దాకా అప్‌లోడ్ కావాలి. స్పీడ్ టెస్టులో అప్‌లోడ్ అంకె దానికి దాదాపు రెట్టింపు ఉంటేనే ధైర్యంగా మొదలుపెట్టండి. డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోవద్దు, మనకు పనికొచ్చేది అది కాదు. రెండు గంటల ఆరాధనకు ఈ లెక్కన సుమారు 3.6 జీబీ ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ ప్యాకుతో మొదలుపెడితే సరిగ్గా వాక్యం మధ్యలో ఆగిపోతుంది. వైఫై ఉంటే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం ఆన్ చేయండి. లేకపోతే ప్రసంగం మధ్యలో వచ్చే ఫోన్‌కాల్ లైవ్‌ను తెంపేస్తుంది. రౌటర్‌కు కూడా ఇన్వర్టర్ కనెక్షన్ ఇవ్వండి. మందిరంలో లైట్లకు ఇస్తారు, దీన్ని మర్చిపోతారు.

యూట్యూబ్‌లో మొదటిసారి లైవ్ అనుమతి రావడానికి 24 గంటల దాకా పడుతుంది, ఫోన్‌లోంచి నేరుగా లైవ్ చేయాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. ఫేస్‌బుక్‌లో అకౌంటు తెరిచి 60 రోజులు, పేజీకి 100 మంది ఫాలోవర్లు ఉండాలి. క్రిస్మస్ రాత్రి కూర్చుని ఛానెల్ తెరిస్తే జరగని పని. ఫేస్‌బుక్ లైవ్ వీడియోలు ఇప్పుడు 30 రోజులకే తీసేస్తున్నారు కాబట్టి ఆలోపే దించుకుని పెట్టుకోండి. శనివారం రాత్రి ‘అన్‌లిస్టెడ్’గా (లింకు ఉన్నవారికే కనిపించేలా) ఐదు నిమిషాలు ట్రయల్ వేస్తే ఆదివారం పరుగులు తప్పుతాయి.

అసలు లైవ్ అవసరమా అన్నదీ ఆలోచించండి. మన ఆదివారం ఉదయం 10 అంటే కువైట్‌లో 7.30, అక్కడ అది పనిరోజు. డాలస్‌లో వేసవిలోనైతే శనివారం రాత్రి 11.30. వాళ్లు చూసేది తర్వాత ఎక్కించిన వీడియోనే. నెట్ బాగాలేని ఊళ్లో లైవ్ కోసం పోరాడేకన్నా, రికార్డు చేసి మధ్యాహ్నం ఎక్కించడం అన్నివిధాలా నయం. వివరణలో ‘0:00 ఆరాధన, 24:30 సాక్ష్యాలు, 41:10 వాక్యం’ అన్నట్టు కనీసం మూడు టైములు రాస్తే, అవి వీడియోలో భాగాలుగా విడిపోతాయి. మొదటిది 0:00 కాకపోతే పనిచేయదు.

పాట ఎవరిది?

ఆరాధనలో పాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. దాన్ని వీడియోగా ఛానెల్‌లో పెట్టి ఉంచడం వేరే సంగతి. పాట సాహిత్యం, బాణీ హక్కులు రచయిత, స్వరకర్త చనిపోయాక 60 ఏళ్ల దాకా ఉంటాయి. తెలుగు క్రైస్తవ కీర్తనల రచయిత పురుషోత్తమ చౌదరి గారు 1890లో కన్నుమూశారు. ఆయన కీర్తనలు మీ సంఘం సొంతంగా పాడి పెట్టుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. అదే కీర్తనకు నిరుడు ఒక స్టూడియో చేసిన ట్రాక్ మాత్రం ఆ స్టూడియోదే. కొత్త పాట ట్రాక్ పెట్టి పాడిస్తే లైవ్ మధ్యలోనే ఆగిపోయే అవకాశం ఉంది.

యూట్యూబ్ నుంచి వచ్చే నోటీసుల్లో తేడా గుర్తుపట్టండి. ‘కంటెంట్ ఐడీ క్లెయిమ్’ అంటే చాలావరకు ఆ వీడియో మీద వచ్చే ప్రకటనల డబ్బు హక్కుదారుకు వెళ్తుంది, అంతే. ‘కాపీరైట్ స్ట్రైక్’ అలా కాదు. 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోతుంది. స్ట్రైక్ పడినప్పుడు వీడియో డిలీట్ చేస్తే స్ట్రైక్ పోదు. హక్కుదారుకు మెయిల్ రాసి, క్షమాపణ చెప్పి, వెనక్కి తీసుకోమని అడగడం తేలికైన దారి. పాట రాసిన సేవకులు చాలామంది అడిగితే ఇస్తారు. అడగకపోవడమే వారికి బాధ.

ముక్కలు కోసేటప్పుడు

నలభై నిమిషాల వాక్యం నుంచి వారానికి రెండు ముక్కలు చాలు, ఒక్కోటి 60 నుంచి 90 సెకన్లు. కోసే తమ్ముడికి ఒక్క నియమం పెట్టండి: ముక్కకు ముందు రెండు నిమిషాలు, తర్వాత రెండు నిమిషాలు చూసి, అర్థం మారలేదని తేలితేనే కోయాలి. ‘కొందరు ఇలా అంటారు...’ అని మొదలుపెట్టి పాస్టర్ గారు చెప్పిన ఎదుటివారి వాదన, ముందుమాట తెగిపోయి ఆయన సొంత బోధగా ఊరంతా తిరిగిన సందర్భాలకు కొదవ లేదు.

ఉదయం పంపే వాగ్దానం కార్డులకూ ఇది వర్తిస్తుంది. దేవుడు మేలు చేసే ఉద్దేశాలు, నిరీక్షణ గురించి చెప్పే యిర్మీయా 29:11 కార్డు మీద చాలా అందంగా ఉంటుంది. దాని పై వచనంలోనే బబులోనులో 70 ఏళ్లు గడవాలని ఉంది. చెరలో ఉన్నవారికి రాసిన మాట అని ఒక్క వాక్యం కింద చేర్చినా, చదివేవారి ఓర్పుకు అది ఎక్కువ పనికొస్తుంది. ఇక ‘7 గ్రూపులకు పంపకపోతే ఆశీర్వాదం పోతుంది’ లాంటివి పంపినవారికి ఫోన్ చేసి మెల్లగా చెప్పండి. గ్రూపులో అందరి ముందూ కాదు.

కార్డు తయారీలో అక్షరాలు విడిపోయి ‘క్రీస్తు’ కాస్తా ‘క్ రీస్ తు’ అయితే, ఆ యాప్‌కు తెలుగు ఒత్తులు సరిగా రావని అర్థం. యూనికోడ్‌లో టైపు చేసి రామభద్ర, మల్లన్న, మండలి లాంటి ఉచిత ఫాంట్లు వాడండి. ఏఐ బొమ్మలైతే వేళ్లు లెక్కపెట్టాకే పెట్టండి.

ఇతర మతాల మాట, స్వస్థత మాట

నాలుగు గోడల మధ్య నవ్వుకుని వదిలేసిన వ్యాఖ్య, ఫోన్‌లోకి ఎక్కాక పక్కింటివారి పూజగది మీద పడ్డ రాయి. భారతీయ న్యాయ సంహిత 196, 299 సెక్షన్లు వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం, మతభావాలను కావాలని కించపరచడం గురించి చెబుతాయి, మూడేళ్ల దాకా శిక్ష. 196 కిందికి వచ్చే మాట ప్రార్థనా స్థలంలో అన్నదైతే అది ఐదేళ్ల దాకా పెరుగుతుంది. మన వేదికే మనకు బరువు పెంచుతుందన్నమాట. ఇతరుల దేవుళ్ల పేర్లు, గుడి ఫొటోలు, పండుగ వెక్కిరింపులు థంబ్‌నెయిల్‌లో అసలు వద్దు. చట్టానికి భయపడి కాకపోయినా, ఆ పక్కింటాయన రేపు మన ఇంట్లో చావుకు భుజం పట్టేవాడు.

స్వస్థత సాక్ష్యం పెట్టేటప్పుడు ‘డాక్టర్లు వదిలేశారు’ అని రాసేముందు రిపోర్టులు చూడండి, కనీసం మూడు నెలలు ఆగండి. ‘మందులు మానేశాను’ అన్న మాట ఉంటే ఆ భాగం తీసేయండి. వినే షుగర్ పేషెంటు ఒకరు మానేస్తే ఎవరు జవాబు చెప్తారు? ప్రార్థన నూనె క్యాన్సర్‌ను, మూర్ఛను, షుగర్‌ను తగ్గిస్తుందని ప్రకటన ఇస్తే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందికి పోయే ప్రమాదం ఉంది. ప్రార్థన చేస్తామని చెప్పండి, సీసా అమ్మకండి.

కానుకల క్యూఆర్ కోడ్

స్క్రీన్ మీద వేసే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సంఘం లేదా ట్రస్టు పేరు రావాలి, పాస్టర్ గారి పేరో వారబ్బాయి పేరో కాదు. చాలామంది చూసుకోని మరో విషయం విదేశాల్లోని మనవాళ్లు పంపేది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) మీద ఉంటే అది విదేశీ విరాళమే. 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్ ఉన్నవారికి కూడా డబ్బు మొదట పడాల్సింది ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే. అందుకని వివరణలో ‘ఈ ఖాతాకు భారత పౌరులు మాత్రమే పంపగలరు’ అని తెలుగులో స్పష్టంగా రాసి, లెక్కలు ఏడాదికోసారి ఆడిటర్‌కు చూపించండి.

బీదలకు బియ్యం పంచుతూ, తీసుకునే చేతిని పట్టుకుని కెమెరా వైపు తిప్పే ఫొటోల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మనుషులకు కనబడాలని ధర్మం చేయొద్దని చెప్పే మత్తయి 6వ అధ్యాయం మొదటి నాలుగు వచనాలు ఆ ఫొటో పక్కన పెట్టి చూసుకుంటే చాలు. దాతకు లెక్క చూపాలంటే బస్తాల ఫొటో, బిల్లు ఫొటో పంపవచ్చు.

కామెంట్లు, ఇన్‌బాక్స్, దొంగ ప్రొఫైళ్లు

కామెంట్లలో మూడు రకాలు ఉంటాయి. నిజంగా తెలుసుకోవాలని అడిగేవారికి అదేరోజు జవాబివ్వండి, రెండు వాక్యాల్లో. వాదనకు వచ్చేవారికి ఒక్కసారి మర్యాదగా చెప్పి ఆపేయండి. మాట ఉప్పు వేసినట్టు రుచిగా ఉండాలని కొలస్సీ 4:6 చెబుతుంది, ఆ ఉప్పు కూరలో వేసేంతే ఉండాలి. బూతులకు జవాబు వద్దు, దాచేయడమే. మూడో రకంలో మొదటి రకం మనిషి ఉన్నాడేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది. నిజమే, కానీ వారు మళ్లీ వస్తారు.

‘చనిపోవాలనిపిస్తోంది’ అనే కామెంటు గానీ మెసేజీ గానీ వస్తే వచనం పంపి ఊరుకోకూడదు. వెంటనే ఫోన్ చేయండి, దగ్గర్లో ఉన్న మనిషిని పంపండి, 14416 టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయం) నంబరు ఇవ్వండి. ఇది ఇన్‌బాక్స్ చూసే ప్రతి వాలంటీర్‌కూ ముందే చెప్పి ఉంచాలి.

సిస్టర్లతో విడిగా నడిచే చాటింగ్ గురించి: రాత్రి 9 తర్వాత జవాబు ఇవ్వకండి. కుటుంబ సమస్య అయితే పాస్టరమ్మగారినో మరో పెద్దావిడనో కలిపి మాట్లాడండి. మాట పెరిగేకొద్దీ చాట్‌లోంచి మందిరంలోకి, ఎదురుగా కూర్చుని మాట్లాడే చోటికి తీసుకురండి. ఇద్దరికీ క్షేమం.

దొంగ ప్రొఫైల్ విషయం. మోసగాడు కాపరి ఫొటో దించుకుని, అదే పేరుతో కొత్త ప్రొఫైల్ తెరిచి, సంఘస్థులందరికీ రిక్వెస్టు పంపి, ‘బ్రదర్, అర్జంటుగా 5,000 కావాలి, ఉదయం ఇచ్చేస్తాను’ అంటాడు. అయ్యగారు అడిగాక ఎలా కాదంటాం అని జనం పంపేస్తారు. మర్యాదే అక్కడ బలహీనత. స్నేహితుల జాబితా ఇతరులకు కనిపించకుండా సెట్టింగ్స్‌లో దాచేస్తే సగం ఆట కడుతుంది. దొంగ ప్రొఫైల్ కనబడగానే దాని లింకు కాపీ చేసి, స్క్రీన్‌షాట్ తీసి, ఆ తర్వాతే రిపోర్టు కొట్టండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయాలి. మొదటి గంటల్లో చెప్తే డబ్బు ఖాతాలో ఉండగానే ఆపే అవకాశం ఎక్కువ. పెళ్లి శుభలేఖ పేరుతో ‘ఏపీకే’ ఫైలు (తెరిస్తే ఫోన్‌లో యాప్‌గా ఎక్కేది) వస్తే, పంపింది పాస్టర్ గారే అయినా తెరవకండి. ఆయన ఫోన్ అప్పటికే మోసగాళ్ల చేతిలోకి పోయి ఉంటుంది. వాట్సాప్‌లో ఆరంకెల పిన్ పెట్టుకుంటే వేరేవాళ్లు మీ నంబరుతో లాగిన్ కావడం కష్టమవుతుంది.

ఇక ‘మందిరం తగలబెట్టారు, అందరికీ పంపండి’ అనే వీడియోలు. ‘ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్’ అని రెండు బాణాల గుర్తు ఉంటే అది మీ స్నేహితుడు తీసింది కాదని అర్థం. ఒక దృశ్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెట్టి, అదే బొమ్మ పాత తేదీల్లో ఎక్కడైనా ఉందేమో చూడండి. ఏళ్లనాటిది, మరో దేశానిది పక్క జిల్లాదిగా తిరుగుతుంటుంది. ఆ ప్రాంతంలో తెలిసిన సేవకుడు ఉంటే ఒక్క ఫోన్ చేస్తే తేలిపోతుంది.

పొరపాటున పంపేస్తే, ‘అందరికీ డిలీట్’ చేసే అవకాశం వాట్సాప్‌లో సుమారు రెండున్నర రోజులే ఉంటుంది. డిలీట్ చేసి ఊరుకుంటే సరిపోదు, అప్పటికే చూసినవారు ఉంటారు. అదే గ్రూపులో, అదే మనిషి పేరుతో రాయండి: ‘నిన్న నేను పంపిన వీడియో మన రాష్ట్రానిది కాదు. పాతది. చూసుకోకుండా పంపాను. ఎవరికైనా పంపి ఉంటే వారికి కూడా ఈ మెసేజీ పంపండి.’